నాదర్‌గుల్ నుంచి కడపకి ఒక గీత

మలక్‌పేటలో మా భోజనాల బల్ల మీద
పటం పరిచాను.
ఒక మూల ఆవకాయ జాడీ,
ఒక మూల ఉస్మానియా బిస్కెట్ల పొట్లం,
మూడో మూల ఖుద్దూస్ సాబ్ మోచెయ్యి.
నాలుగోది ఫ్యాను గాలికి లేస్తూనే ఉంది.

నాదర్‌గుల్ నుంచి కడపకి
స్కేలు పెట్టి ఒకటే గీత గీశాను.
మూడు వందల పది కిలోమీటర్లు,
గంటా యాభై నిమిషాలు.
పెన్సిలుకేం తెలుసు,
కృష్ణ లోయనీ నల్లమలనీ
కాగితం మడత దాటినంత తేలిగ్గా దాటేసింది.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
గీత మీద వేలు పెట్టాడు.
"ఇక్కడ ఇంజన్ ఆగింది. ఎక్కడ దిగుతావ్?"
"కందుకూరు దాటాక వెంచర్ ఉంది సాబ్.
ప్లాట్లు అమ్ముడుపోలేదు, రోడ్లు మాత్రం తిన్నగా ఉన్నాయి."
వేలు జరిగింది. "ఇక్కడ?"
"కల్వకుర్తి, పత్తి చేలు."
"ఇక్కడ?"
"అచ్చంపేట పక్కన, మొక్కజొన్న కోసేసిన మడి."
"ఇక్కడ?"
అక్కడ అంతా ఆకుపచ్చ.
వేలు జరుగుతూనే ఉంది,
యాభై నిమిషాల పొడుగు ఆకుపచ్చ.
నేనొక బిస్కెట్ తీసుకున్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళు బేగంపేట హ్యాంగర్లో
ఇంజన్లు విప్పి బిగించిన మనిషి.
తిరిగొచ్చిన విమానం రెక్క అంచున
అంటుకున్న పురుగుల్ని గోటితో గీకి
ఎటు పోయొచ్చారో చెప్పేవాడట:
ఇది వరిచేల దోమ,
ఇది అడవి తుమ్మెద.
తనని మాత్రం, పరీక్షకని ఎక్కించుకున్నప్పుడల్లా,
హుస్సేన్‌సాగర్ చుట్టూ ఒక రౌండు కొట్టి
దించేసేవారు.
నల్లమలని ఆయన రెక్కల మీదే చూశాడు,
నల్లగా, నలిగి.

"తిన్నగానే పోదాం సాబ్, మీ కోసం."
"నా కోసమా?" నవ్వాడు.
"నేను సంతకం పెట్టిన ఇంజన్ ఒక్కటీ గాల్లో ఆగలేదు బేటీ.
దీని మీద సంతకం నాది కాదు."

రబ్బరు తీసుకున్నాను.
కర్నూలు దాకా హైవే వెంట,
అక్కణ్ణించి నంద్యాల, ఆళ్ళగడ్డ,
కొండలు పక్కన, పొలాలు కింద.
ముప్పై ఏడు కిలోమీటర్లు ఎక్కువ,
అంటే పదమూడు నిమిషాలు,
అంటే ఐదు లీటర్లు.

కార్తీకంలో గాలి ఈశాన్యం నుంచి.
కొండ అవతల ఎక్కి ఇవతల జారుతుంది.
జారే గాలిలో మా రెండు సీట్ల బండి
జారుడుబల్ల మీద గచ్చకాయ.
అందుకే పది కిలోమీటర్లు ఎడంగా ఉండు అనేది
నాకు నేర్పిన విక్టోరియా మేడమ్.
దాటక తప్పకపోతే
కొండకి ఎదురుగా పోకు, ఏటవాలుగా పో అనేది.
వెనక్కి తిరగాల్సొస్తే
సగం ముందే తిరిగి ఉంటావు.

ఇక బరువులు.
ఆయన పొద్దున్నే స్టేషన్‌కెళ్ళి
మిషన్లో బిళ్ళ వేసి చీటీ తెచ్చాడు.
అరవై మూడు కిలోలు.
వెనక జాతకం: వాహన యోగం కలదు, తొందరపాటు తగదు.
నాది రాసేటప్పుడు
రెండు కిలోలు మింగేద్దామనిపించింది.
మింగలేదు.
పనిముట్ల పెట్టె, పద్నాలుగు.
"పెట్టైనా దిగాలి, పెట్రోలైనా దిగాలి సాబ్."
ఆయన చాలాసేపు పెట్టె వైపే చూశాడు.
తర్వాత ఒక్కొక్కటీ తీసి పటం మీద పెట్టాడు:
ప్లగ్గుల పానా, కటింగ్ ప్లేయరు,
పిడి అరిగిపోయిన సుత్తి.
నాలుగో మూల ఇప్పుడు లేవడం లేదు.
ఒక్క స్క్రూడ్రైవర్ మాత్రం
పెన్ను పక్కన, చొక్కా జేబులో.
నేను చూడనట్టు ఊరుకున్నాను, లెక్కలో మాత్రం
అరవై మూడుని అరవై నాలుగు చేశాను.

చెరిపిన గీత గాడి పోలేదు,
వేలికి తగులుతోంది.
అప్పుడు వెలిగింది నాకు:
నడిపే సీటు ఎడమది.
నంద్యాల దాటాక కొండలన్నీ ఎడమ వైపే.
"సాబ్, పోయేటప్పుడు మీకు నా భుజమే కనిపిస్తుంది.
కొండలు మీ కిటికీలోకి వచ్చేది
తిరుగు ప్రయాణంలో."

ఆయన చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగాడు.
"అయితే" అన్నాడు,
"తిరిగొచ్చే పెట్రోలు కూడా లెక్కెయ్."